మాట అందే వేగం

మార్చి మొదటి వారంలో లైల్ హోల్కమ్‌ని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేనాటికి అతని దగ్గర నాలుగు మాటలే మిగిలాయి. అవును, కాదు, అదీ, ఛీ. పక్షవాతం కుడిచేతినీ కుడికాలునీ సగం సగం వదిలిపెట్టింది గానీ, మాట దగ్గర మాత్రం కనికరం చూపలేదు. ఎవరేం చెప్పినా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. నోటిదాకా వచ్చేసరికి ఎక్కడ జారిపోతుందో ఏమో, "అదీ... అదీ..." అని ఆగిపోయి, చివరికి "ఛీ" అని మొహం తిప్పుకుంటాడు.

అతని భార్య వెర్నాకి అరవై ఒకటి. నెబ్రాస్కాలో ఓరిన్ అనే ఆ చిన్న ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా బడి బస్సు నడుపుతోంది. రోజుకి రెండుపూటలా యాభై మంది పిల్లల గోల మధ్య బతికిన మనిషి. భర్తకి అన్నం కలిపి పెట్టినట్టు ప్రతిదీ అందించడం, బూటు తాళ్ళు కట్టడం, ఇవేవీ ఆవిడకి కష్టమనిపించలేదు. ఇంట్లో ఆ నిశ్శబ్దమే మింగుడుపడలేదు. పెళ్ళయిన ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆ ఇల్లు ఏనాడూ అంత నిశ్శబ్దంగా లేదు. ఒక్క విషయం మీద మొగుడూ పెళ్ళాలు ఒక్కరోజు కూడా రాజీపడలేదు మరి. ఆ విషయం పెరటి షెడ్డులో పక్కపక్కనే నిలబడి ఉంది.

ఎడమవైపు లైల్ కారు. అరవై తొమ్మిదో సంవత్సరం షెవెల్. ముదురు నీలం, బానెట్ మీద రెండు ఉబ్బులు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆ రోజుల్లో కుర్రాళ్ళు మజిల్ కార్లని పేరు పెట్టుకుని ప్రాణాలిచ్చిన జాతిది. కుడివైపు వెర్నా పికప్. యాభై మూడో సంవత్సరం షెవర్లే. వాళ్ళ నాన్న దూడల్నీ దాణానీ మోసిన బండి. ఒకప్పుడు ఆకుపచ్చ, ఇప్పుడే రంగో చెప్పడం కష్టం. ఆరు సిలిండర్లు. స్టార్ట్ చెయ్యాలంటే కాలితో మీట తొక్కాలి. ముందు అద్దం రెండు ముక్కలు. నలభై ఐదు మైళ్ళు దాటిందంటే ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

అసలు వాళ్ళిద్దరూ దగ్గరైందే ఆ తగువుతో. డెబ్భై ఒకటి వసంతంలో లైల్ అప్పుడే సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్న ఆ షెవెల్‌లో వెర్నా వాళ్ళ పొలం దగ్గరికి వచ్చాడు. ఆమెని సినిమాకి తీసుకెళ్తానని. మంచు కరిగిన మట్టిదారిలో కారు ఇరుసుల దాకా దిగబడిపోయింది. ఇరవై ఒక్కేళ్ళ వెర్నా చొక్కా చేతులు పైకి మడిచి, నాన్న పికప్ తెచ్చి, గొలుసు తగిలించి బయటికి లాగింది. "బాగానే ఇరుక్కుంది నీ కారు" అంది. "ఇరుక్కోలేదు, దారి చూసుకుంటోంది" అన్నాడు లైల్. ఆ రోజు మొదలైన మాటలు అవి.

ఇప్పుడు వెర్నా వారానికి రెండుసార్లు, రోజూ వాడుకునే చిన్న కారులో, నలభై మైళ్ళ దూరంలో మాటల వైద్యం చేసే థెరిసా దగ్గరికి అతన్ని తీసుకెళ్తోంది. ముప్ఫై దాటని పిల్ల, ఓపిక ఎక్కువ. బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపిస్తుంది. కప్పు. పిల్లి. చెంచా. లైల్ చెమటలు పట్టేదాకా ప్రయత్నిస్తాడు. పిల్లిని చూసి "తలుపు" అంటాడు. తను అన్నది తప్పని తనకే తెలిసి, ఆ తెలియడంతోనే ఎర్రబడిపోతాడు. ఏప్రిల్ మొదట్లో ఓ రోజు అట్టలన్నీ ఎడంచేత్తో నేలమీదికి తోసేశాడు. ఆ తర్వాత కారెక్కమంటే ఎక్కలేదు.

"బలవంతం చెయ్యకండి" అంది థెరిసా ఫోన్లో. "ఇంట్లో మాట్లాడుతూ ఉండండి. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, వాక్యం మధ్యలో ఆగిపోతే మీరు పూర్తి చెయ్యొద్దు."

"ఎంతసేపు ఆగాలి?"

"ఆయనకి పట్టినంతసేపు."

వెర్నా ఆగింది. భోజనాల బల్ల దగ్గర, వరండాలో, పడుకునే ముందు. ఆగి ఆగి ఆవిడకే మాటలు అయిపోయేలా ఉన్నాయి.

ఓ శనివారం పక్క పొలం డ్వేన్ ప్రిబిల్ వచ్చాడు. వాళ్ళావిడ ఆల్‌బుఖారా పండ్లు పెట్టి కాల్చిన కొలాచీలనే తీపి రొట్టెలు ఓ పళ్ళెం నిండా తెచ్చి, షెడ్డు తలుపు తీయమన్నాడు. ఫిబ్రవరిలో లైల్ కూలిపోయింది ఆ షెడ్డులోనే. షెవెల్‌కి స్పార్క్ ప్లగ్ వైర్లు మారుస్తూ, సగం పనిలో. ఆనాటి నుంచి ఎవరూ ఆ బానెట్ దించలేదు. ఎనిమిది వైర్లూ అలాగే వేలాడుతున్నాయి.

"ఇంజను ఇంకా ఇలాగే వదిలేస్తే పాడైపోతుంది వెర్నా. తగిలించి ఓసారి స్టార్ట్ చేసి పెడతాను" అన్నాడు డ్వేన్.

లైల్ చేతికర్రతో మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.  డ్వేన్ వైర్లు చేతిలోకి తీసుకుని తల గోక్కున్నాడు. ఏ వైరు ఏ సిలిండర్‌కో, నిప్పు అంటుకునే వరుస తెలియాలి. వరుస తప్పితే ఇంజను దగ్గడమే తప్ప తిరగదు.

"వరుస ఎక్కడైనా రాసిపెట్టాడా?"

"నాకు తెలిసింది నా పికప్‌దే" అంది వెర్నా. "ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. దాని చివర ఏడూ ఎనిమిదీ తగిలించు. ఏమవుతుంది, పేలిపోదుగా."

చేతికర్ర ఠంగున ఇనప పెట్టెకి తగిలింది.

"కాదు" అన్నాడు లైల్. అది వాళ్ళకి తెలిసిన మాటే. కానీ ఆగలేదు. "ఒకటి. ఎనిమిది. నాలుగు. మూడు. ఆరు. ఐదు. ఏడు. రెండు."

డ్వేన్ వైర్లు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెర్నా చేతిలో కొలాచీ పళ్ళెం పక్కకి ఒరిగింది.

"మళ్ళీ చెప్పరా" అన్నాడు డ్వేన్, జేబులోంచి పెన్సిలు తీసి. "రాసుకుంటాను."

లైల్ మళ్ళీ చెప్పాడు. తడుముకోకుండా, కాస్త చిరాగ్గా. అరగంట తర్వాత షెవెల్ గర్జిస్తే కిటికీ అద్దాలు అదిరాయి. వెర్నా సంతోషం పట్టలేక ఓ రెంచి తీసి చూపించి "ఇదేంటి చెప్పు" అంది. లైల్ దాన్ని చూశాడు. నలభై ఏళ్ళు చేతిలో ఉన్న వస్తువు. "అదీ..." అన్నాడు. కళ్ళు దించుకున్నాడు.

సోమవారం థెరిసాకి జరిగింది చెప్పింది వెర్నా.

"కంఠస్థమైనవి వేరే అరలో ఉంటాయి లెండి" అంది ఆ పిల్ల. "అంకెల వరసలు, వారాల పేర్లు, ప్రార్థనలు, తిట్లు."

"తిట్లు కూడానా?"

"అవి అన్నిటికంటే ముందొస్తాయి."

ఫోన్ పెట్టేసి వెర్నా చాలాసేపు ఆలోచించింది. లైల్ తనంతట తాను మాట్లాడింది ఎవరో అడిగినప్పుడు కాదు. ఎవరో తప్పు చెప్పినప్పుడు. అందులోనూ తన కారు గురించి. సరే, తప్పులు చెప్పడానికేం భాగ్యం అనుకుంది.

మర్నాటి నుంచి పొద్దున బస్సు పని ముగించుకుని రాగానే కాఫీ కప్పులు రెండూ షెడ్డుకే పట్టుకెళ్ళేది. లైల్ స్టూలు మీద, ఆవిడ పికప్ వెనక తలుపు దించి దానిమీద. కూర్చోగానే దండయాత్ర మొదలు.

"ఈ కారుకి వెనక సీటు ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అర్థం కాదు. అందులో కూర్చోవాలంటే మోకాళ్ళు ఇంట్లో పెట్టి రావాలి."

లైల్ కాఫీ ఊదుకున్నాడు.

"గాలన్‌కి పది మైళ్ళు. పెట్రోలు బంకువాడు కూతురి పెళ్ళికి మనల్ని ముందు వరసలో కూర్చోబెడతాడు."

లైల్ పెదవులు కదిలాయి. వెర్నా కాఫీ తాగుతూ పైకప్పు చూస్తూ కూర్చుంది. పక్కన మాట కోసం మనిషి పెనుగులాడుతుంటే సాయం చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో ఆ కప్పు కాఫీ తాగేలోగా తెలిసింది ఆవిడకి.

"నీ... నీ బడి..." అన్నాడు.

"నా బడికి మధ్యాహ్నం వెళ్తాలే. ఏం చెప్పాలనుకున్నావు?"

"బడి కాదు. బం... బండి. నీ బండి." ఊపిరి తీసుకున్నాడు. "నత్త."

వెర్నా కప్పు కింద పెట్టి నవ్వింది. నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి లైల్ కూడా నవ్వాడు, మొహం ఎడంపక్క ఎక్కువగా.

అలా రోజుకో మాట, ఒక్కోరోజు రెండు. కొన్ని రోజులు ఏమీ రాలేదు. కొన్ని రోజులు తప్పుడు మాటలు వచ్చాయి. స్టీరింగుని "టిమిరి" అన్నాడోసారి, అదెక్కడి మాటో ఇద్దరికీ తెలీదు. మే నెలాఖరుకి వేసవి సెలవులకి బడులు మూసేశారు. ఇక పొద్దుటి నుంచీ షెడ్డులోనే. పికప్ మీద లైల్‌కున్న ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వాటిలో పెద్దది వైపర్లు. ఇంజను పీల్చే గాలితో ఆడే ఆ పాతకాలపు వైపర్లు, ఎత్తెక్కేటప్పుడు ఆగిపోయేవి.

"వాన" అన్నాడు. "వాన... కొండ... వైపర్లు..." కళ్ళు మూసుకుని వెతికాడు. "పడుకుంటాయి."

"అది మాత్రం నిజమే" అని ఒప్పుకుంది వెర్నా. "కానీ మన దగ్గర కొండలెక్కడున్నాయి?"

"కాదు. ఉంది. ఒకటి."

నిజమే. చర్చి దగ్గర ఒకటుంది.

జూన్‌లో థెరిసానే ఇంటికి వచ్చింది, ఈ వైద్యమేమిటో చూద్దామని. రెండు బళ్ళ చుట్టూ తిరిగి, లైల్ ముందు ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిలో అట్టలు లేవు.

"హోల్కమ్ గారూ, నాకు నిజంగానే తెలీక అడుగుతున్నాను. ఈ రెండిట్లో నేను ఒకటి తీసుకోవాలంటే ఏది తీసుకోను?"

లైల్ ఆ పిల్లని చూశాడు. షెవెల్‌ని చూశాడు. గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగొచ్చింది. 

"ఏం... చెయ్యడానికి?" అన్నాడు.

 థెరిసా కళ్ళలో నీళ్ళు తిరగడం వెర్నా చూసింది. అప్పుడు గానీ ఆవిడకి తట్టలేదు. జబ్బు చేశాక లైల్ ఒకరికి ప్రశ్న వెయ్యడం అదే మొదలు.

"ఆదివారాలు ఊరికే తిరగడానికి" అంది థెరిసా.

"ఒక్క... ఒక్కదానివా? ఇద్దరా?"

"లైల్" అంది వెర్నా.

"ఇద్దరే అనుకోండి" అంది థెరిసా, కాస్త ఎర్రబడుతూ.

"ఇద్దరైతే నా కారు." వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ముగ్గురైతే... ఆమెది. బెంచీ సీటు. పిల్ల... మధ్యలో."

అంత పొడుగు మాట విని వెర్నాకి ఆ రోజంతా అన్నం సయించలేదు, ఆనందంతోనే.

బహుశా ఆ ఆనందమే ఆవిడని కాస్త అజాగ్రత్తగా చేసింది. జులై మొదటి వారంలో ఓ పొద్దున, ఎండ అప్పటికే షెడ్డు రేకుల్ని కాలుస్తోంది, ఎప్పటిలాగే వేళాకోళం మొదలుపెట్టింది. మాట మీద మాట దొర్లుకుంటూ వచ్చింది. "నీ కుడికాలు యాక్సిలరేటర్ తొక్కేదాకా ఆగితే ఇది ఇక్కడే తుప్పు పట్టిపోతుంది. అమ్మేద్దాం. ఆ జాగాలో కోళ్ళు పెంచుకుంటాను."

అనేశాక తెలిసింది. ఇన్నాళ్ళూ ఆవిడ వెక్కిరించింది కారుని. ఇప్పుడు అన్నది కాలుని.

లైల్ లేచాడు. చేతికర్ర తీసుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు. ఆ రోజు మాట్లాడలేదు. మర్నాడూ లేదు. "తప్పయిపోయింది" అని వెర్నా మూడుసార్లు అంది. ఆయన తలూపాడు. కోపం లేదు, అదే భయపెట్టింది ఆవిడని. మళ్ళీ మార్చి నెల ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పొలాల వైపు చూస్తుండేవాడు. థెరిసాకి ఫోన్ చేద్దామనుకుంది గానీ, ఏమని చెప్తుంది, నా నోటి దురుసు అనా?

నాలుగో రోజు మధ్యాహ్నం వెర్నా మేకుకి వేలాడుతున్న షెవెల్ తాళాలు తీసుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడింది. ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆ తాళాలు ఆవిడ ముట్టుకోలేదు. ఆయన ఇవ్వలేదు, ఆవిడ అడగలేదు. పంతం.

"నాకు నేర్పు" అంది.

లైల్ తాళాల వైపు చూశాడు.

"నీకు కాలు లేదన్నాను. నాకు రెండున్నాయి. నీకు తెలిసింది నాకు తెలీదు. పద."

ఎక్కడం పెద్ద ప్రయత్నమే అయింది. లైల్ ఆ కారులో కుడిపక్క సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుని అటూ ఇటూ చూశాడు, ఎవరి ఇంట్లోకో వచ్చినట్టు. వెర్నా తాళం తిప్పింది. నడుం కింద ఏదో పెద్ద జంతువు నిద్ర లేచినట్టయింది.

"క్లచ్" అన్నాడు లైల్.

"తెలుసు. బస్సు నడుపుతాను నేను."

"ఇది... బస్సు కాదు."

కాదని రెండో క్షణంలోనే తెలిసింది. క్లచ్ వదలగానే కారు ఎగిరి గేటు దాకా వెళ్ళి ఆగిపోయింది. లైల్ ఎడంచెయ్యి డాష్‌బోర్డుకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. "మెల్లగా" అన్నాడు. "గుడ్డు. కాలి కింద... గుడ్డు." ఐదోసారికి గుడ్డు పగల్లేదు. కంకర దారి దాటి తారురోడ్డెక్కారు. "రెండు" అంటే రెండో గేరు. "ఇప్పుడు" అంటే మూడు. "కుడికి" అని ఎడమవైపు చూపించాడోసారి. ఆవిడ మాట విందో చెయ్యి చూసిందో, మొక్కజొన్న చేను అంచు దాకా వెళ్ళి వెనక్కి రావలసి వచ్చింది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నాలుగు రోజుల బరువు ఆ చేనుగట్టు దగ్గర దిగింది.

ఆ తర్వాత ఏడు మైళ్ళు తిన్నని రోడ్డు. ఎదురుగా ఎవరూ లేరు. "తొక్కు" అన్నాడు లైల్. వెర్నా తొక్కింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి, స్పీడు ముల్లు డెబ్భై, డెబ్భై ఐదు. చిన్నప్పుడు ఉయ్యాల ఎత్తుకి వెళ్ళినప్పటి గిలి. తన పికప్ ఇన్నేళ్ళలో ఏనాడూ ఇవ్వనిది. అది ఆవిడ దాచుకోలేదు.

"ఇది నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది కారు ఆపాక.

"చెప్పాను" అన్నాడు లైల్. "రోజూ."

ఆ వారమంతా షెవెల్‌లోనే తిరిగారు. కానీ వెర్నా ఒకటి గమనించింది. గేర్ల మాటలు తప్ప కారులో లైల్ ఇంకేమీ మాట్లాడడం లేదు. కిటికీలోంచి ఏదో చూస్తాడు, నోరు తెరుస్తాడు, ఈలోగా అది వెనక్కి వెళ్ళిపోతుంది. నోరు మూసుకుంటాడు. మళ్ళీ ఇంకోటి. ఆవిడ వేగం తగ్గించి చూసింది. తగ్గిస్తే ఆ కారు మూలుగుతుంది, ఊగుతుంది, దానికి అది నచ్చదు.

ఆదివారం ఆయనే పికప్ వైపు చేతికర్ర చూపించాడు.

"దీన్లోనా? నత్తలోనా?"

"ఊఁ."

వెర్నా మీట తొక్కింది. ఆరు సిలిండర్లూ గొణుక్కుంటూ లేచాయి. బెంచీ సీటు మీద ఇద్దరి భుజాలూ దాదాపు తగులుతున్నాయి. ముప్ఫై మైళ్ళ వేగంతో ఊరి వెనక దారి పట్టారు. అద్దాలు దించితే వేడిగాలి, కోసిన గడ్డి వాసన. మూలమలుపు దాటగానే లైల్ వేలెత్తాడు.

"గోధుమ... కాదు." బండి మెల్లగా వెళ్తూనే ఉంది. చేను ఇంకా పక్కనే ఉంది. "మొక్కజొన్న" అన్నాడు.

వెర్నా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"గాలిమర. ప్రిబిల్ వాళ్ళది. విరిగింది." కాసేపాగి, "గుర్రం. రెండు. ఒకటి... ముసలిది." ఎర్ర కొట్టం వచ్చింది, దాని పేరు రాలేదు, వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ, అది చిన్నదైపోయేలోపు "కొట్టం" అని పట్టుకున్నాడు. పట్టుకుని సీటుకి జారబడ్డాడు, పొలంలో పొద్దంతా పనిచేసినవాడిలా.

"దీన్లో..." అన్నాడు చాలాసేపటికి. "దీన్లో మాట... అందుతుంది."

"మళ్ళీ చెప్పు. డ్వేన్‌కి వినిపించాలి. నువ్వు నా బండిని పొగిడావని ఎవరూ నమ్మరు."

"పొగడలేదు. నత్తే." అని చెయ్యి తెచ్చి గేరు మీదున్న ఆవిడ చేతి మీద వేశాడు. కుడిచెయ్యి కాదు, ఎడమది. అయినా బరువుగానే ఉంది.

ఇక రోజూ సాయంత్రం పికప్‌లో షికారు. శనివారం ఒక్కరోజు మాత్రం షెవెల్, అది తన హక్కని వెర్నానే తేల్చి చెప్పింది. ఆగస్టు వచ్చేసరికి లైల్ మూడేసి నాలుగేసి మాటలు కలిపి మాట్లాడుతున్నాడు. కుడికాలు ఇంకా ఈడ్చుకుంటూనే ఉన్నాడు. అక్షరాలు చదవడం మాత్రం తిరిగి రాలేదు. వస్తుందో లేదో థెరిసా చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

బడులు తెరవడానికి వారం ఉందనగా పికప్ చర్చి దగ్గర ఆగిపోయింది. డ్వేన్ ట్రాక్టరుతో లాక్కొచ్చాడు. లైల్ స్టూలు మీద కూర్చుని, వెర్నా చేత ఒక్కొక్క గొట్టమే విప్పించి చూశాడు. ట్యాంకులోంచి పెట్రోలు లాగే పంపు పోయింది. అరవై ఏళ్ళు పనిచేసింది, దాన్ని తప్పుపట్టడానికేం లేదు. మిస్సోరీలో పాత ట్రక్కుల సామాను అమ్మే దుకాణమొకటి ఉంది. నంబరు గోడ మీద రాసే ఉంది.

వెర్నా వంటింట్లో ఫోన్ తీయబోయింది. లైల్ దానిమీద చెయ్యి పెట్టాడు.

"నేను."

 ఫోన్ అన్నిటికంటే కష్టమని థెరిసా ముందే చెప్పింది. ఎదుటివాడికి మొహం కనపడదు, చెయ్యి కనపడదు. మాట ఒక్కటే ఉండాలి. అవతలివాడు తాగి ఉన్నాడనుకుని పెట్టేసేవాళ్ళే ఎక్కువ.

"పెట్టేస్తే?"

"మళ్ళీ... చేస్తా."

నంబరు ఆవిడ నొక్కింది. గంట మోగింది. అవతల ఎవరో మగగొంతు గబగబా పలికింది. లైల్ మొహం ఎర్రబడింది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. వెర్నా నోట్లో "పెట్రోలు పంపు, యాభై మూడు, ఆరు సిలిండర్లు" అని వాక్యం మొత్తం సిద్ధంగా ఉంది. పళ్ళు బిగించింది.

"నాకు... జబ్బు చేసింది" అన్నాడు లైల్. "మాట... నెమ్మది. ఆగండి."

 తర్వాత అదే గొంతు, ఈసారి తీరుబడిగా, "ఆగుతానండీ. ఇవాళ కొట్లో నేనూ నా కుక్కా తప్ప ఎవరూ లేరు."

వెర్నా ఇక అక్కడ నిలబడలేకపోయింది. నిలబడితే ఏదో ఒక మాట అందించేస్తుంది. దోమతెర తలుపు చప్పుడవకుండా తీసుకుని పెరట్లోకి వెళ్ళి టమాటా మొక్కల దగ్గర కూర్చుంది. పండినవన్నీ కోసి ఒళ్ళో వేసుకుంది. పది నిమిషాలు గడిచాయి. లోపలి నుంచి లైల్ గొంతు ఆగి ఆగి వినిపిస్తూనే ఉంది. పంపు సంగతి ఎప్పుడో అయిపోయినట్టుంది.

"కాదు. కాదు" అంటున్నాడు. "నువ్వు... పొరబాటు. నా దగ్గర... రెండూ ఉన్నాయి. విను."

పండిన టమాటాలు అయిపోయాయి. వెర్నా లేవలేదు. బీన్స్ పాదుల వైపు జరిగి, ఒక్కొక్క కాయే తుంచడం మొదలుపెట్టింది.